యాభై ఒకటో తూము గడి

పుబ్బ కార్తె, అయిదో రోజు

నీళ్ళ కేంద్రం ఇచ్చిన తెరపలకలో పడే తేదీ వాళ్ళది. ఈ పుస్తకంలో నేను కార్తెలే రాస్తాను. సిగ్నలు పోయినా చేతిరాత ఉంటుందని తూము కాపరులందరికీ ఈ పుస్తకాలు ఇచ్చారు. నా ముందు కాపరి రాసినవి నాలుగు, నేను రాసినవి పదకొండు, గదిలో మంచం కింద ఉన్నాయి. ఎవరూ వచ్చి చూసింది లేదు.

పొద్దున కాలువ మీద కప్పిన సోలార్ రేకులు తుడిచాను. వాన పడి రెండేళ్ళు కావస్తోంది కాబట్టి రేకులు కడిగే పని పూర్తిగా నా మీదే పడింది. నలభై రెండు నుంచి యాభై ఏడు వరకు పదహారు తూములు నావి. అన్నీ రెండో వెర్షన్ తూములు. కొండ మీద కేంద్రం ఇప్పుడు నాలుగో వెర్షన్లో ఆర్డర్లు పంపుతుంది. ఆ ఆర్డర్లు వీటికి అర్థం కావు. మధ్యలో ఒక పెట్టె ఉండి పైమాటను పాతమాటగా మార్చి చెబుతుంది. దాన్ని మేము దుబాసీ అంటాము. పంతొమ్మిదేళ్ళ పెట్టె. మధ్యాహ్నం బాగా వేడెక్కుతుంది. తడిపిన గోనెపట్టా దాని పక్కన వేలాడదీసి ఉంచుతాను.

ఈ రోజు పలకలో కాగితం వచ్చింది. పుబ్బ పన్నెండు నుంచి కేంద్రం అయిదో వెర్షన్‌కు మారుతుంది. అయిదో వెర్షన్ పాత తూములన్నిటినీ తానే అర్థం చేసుకుంటుంది. దుబాసీలు విప్పి తిరిగి అప్పగించాలి. అంతకు ముందు కాపరి తన తూములను పరీక్షించి, సరిపోయాయని సంతకం చెయ్యాలి.

పుబ్బ, తొమ్మిదో రోజు

పరీక్ష చేశాను. జాబితాలో ముప్పై ఒక్క అంశాలు. పూర్తిగా తెరువు, సగం తెరువు, మూయి, గంట సేపు తెరిచి మూయి, ఆర్డరు రద్దు, ఇలాంటివి. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న చిన్న పెట్టె ఒకటి పంపారు. దాన్ని తగిలించి ఒక్కో తూము దగ్గర ముప్పై ఒక్కసారి చూశాను. ఎండలో రెండు రోజులు పట్టింది. అన్నీ చెప్పినట్టే తెరుచుకున్నాయి, చెప్పినట్టే మూసుకున్నాయి. యాభై నాలుగు కొంచెం మొరాయించింది. గ్రీజు పెట్టాక సరిపోయింది.

సంతకం చేశాను.

పుబ్బ, పదకొండో రోజు

వంతు రోజు. ఆరు రోజులకొకసారి తూములకు నీళ్ళ వంతు. వంతు కాగితం రాసేది ఖాజామియా. ఆయన తండ్రి కూడా రాసేవాడట. పదహారు గడులు గీసి, ఒక్కో గడిలో ఆ తూము రైతు ఎంత నీళ్ళు అడిగాడో రాస్తాడు. రాసిన గడికి ఆ రైతు పలక మీద బొటనవేలు పెట్టాలి. వేలు లేకుండా కేంద్రం ఆర్డరు తీసుకోదు.

దుబాసీకి ఇదే ఆఖరి వంతు. బాగానే నడిచింది.

ఉత్తర కార్తె, ఒకటో రోజు

దుబాసీని విప్పి మూడు రోజులయింది. గదిలో ఆ చిన్న మోత లేక చెవులు ఖాళీగా ఉన్నాయి.

యాభై ఒకటో తూము రైతు చౌడప్ప పొద్దున పోయాడు. మేకలకు కొమ్మ కొట్టడానికి చెట్టెక్కి పడ్డాడట. యాభై ఏళ్ళు ఉంటాయి. పిల్లలు లేరు. భార్య సుంకులమ్మ ఒక్కతే. మూడు ఎకరాల వేరుశనగ ఉంది, పూత మీద ఉంది.

మట్టి వేసి వచ్చాక ఖాజామియా గదికి వచ్చి వచ్చే వంతు కాగితం గీశాడు. యాభై ఒకటి గడిలో ఏమీ రాయలేదు.

ఇది మా కాలువ మీద పద్ధతి. చావు జరిగిన ఇంటి గడి మూడు వంతులు ఖాళీగా వదిలేస్తారు. ఆ ఇంటివాళ్ళు ఆ మూడు వంతులు కాలువకు రారు. వాళ్ళతో నీళ్ళ మాట ఎవరూ ఎత్తరు. వాళ్ళ చేను వైపు ఎవరూ పోరు. నీళ్ళు మాత్రం ఆగవు. గడి ఖాళీగా ఉంటే తూము పోయిన వంతుకు ఎంత తెరుచుకుందో ఈ వంతుకూ అంతే తెరుచుకుంటుంది. కాలువ వచ్చిన కొత్తలో సిగ్నలు సగం రోజులు ఉండేది కాదట. ఆర్డరు రాకపోతే పైరు ఎండిపోకుండా అలా పెట్టారు. ఊరివాళ్ళు దాన్ని చావు ఇళ్ళకు వాడుకున్నారు. అంతకు ముందు ఒకసారి, చావు ఇంటి గడిలో పక్క చేనివాడు తన లెక్క రాసుకున్నాడని తలలు పగిలాయట. గడి ఖాళీగా ఉంటే ఎవరూ ఏదీ నిర్ణయించినట్టు కాదు.

ఉత్తర, మూడో రోజు

వంతు రోజు. అయిదో వెర్షన్ మొదటిసారి నీళ్ళు వదిలింది. ఆర్డర్లు టకటకా వెళ్ళాయి. దుబాసీ ఉన్నప్పుడు ఒక్కో తూముకు నిమిషం పట్టేది. పలకలో పదహారింటికీ పచ్చ గుర్తు పడింది. నేను యాభై నాలుగు దగ్గరే కూర్చున్నాను, అది మళ్ళీ మొరాయిస్తుందేమోనని. మొరాయించలేదు.

ఉత్తర, తొమ్మిదో రోజు

వంతు రోజు. పదహారింటికీ పచ్చ గుర్తు. వెన్నునొప్పిగా ఉండి గదిలోనే ఉన్నాను.

ఉత్తర, పదో రోజు

యాభై రెండో తూము రంగప్ప పొద్దున్నే గదికి వచ్చాడు. చేతిలో నాలుగు కాకరకాయలు.

“ఓబులేసన్నా, నీ కొత్త పెట్టె మంచిదప్పా. రెండు వంతులనుండీ నీళ్ళు గట్టు దాకా నిలబడతాండాయి. ఇట్లా నీళ్ళు మా నాయన గూడా సూడల్యా.”

“ఎంత అడిగినావు?”

“సగమే. ఎప్పుడూ అడిగేదే.”

“సగం అడిగితే గట్టు దాకా ఎట్లొస్తాయి?”

“నన్నడిగితే? తూము నీది, నీళ్ళు కేంద్రానివి. కాకరకాయలు మాత్రం నావి.”

సగం అడిగినవాడికి అంతకు మించి నీళ్ళు వచ్చాయంటే కాలువలో నీళ్ళు ఎక్కువైనట్టు. ఎక్కువైతే పైన ఎవరికో తగ్గినట్టు. పైన యాభై ఒకటి.

పలకలో యాభై ఒకటి లెక్క తీసి చూశాను. ఉత్తర మూడు: మూసి ఉంది. ఉత్తర తొమ్మిది: మూసి ఉంది. ఆర్డరు అందింది, అమలైంది అని రెండింటికీ పచ్చ గుర్తు.

“సుంకులమ్మ సేన్లో నీళ్ళు పారిన జాడుండాదా?” అని రంగప్పను అడిగాను.

“సావింటి సేను పక్క యా మొగం పెట్టుకోని సూస్తానన్నా?” అన్నాడు. తరవాత కాకరకాయలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

నేను వెళ్ళి చూశాను. చూడకూడదు. చేను నెర్రెలు విచ్చింది. ఆకు మధ్యాహ్నం కాకముందే ముడుచుకుని ఉంది. అక్కడక్కడ పూత రాలింది. ఇంకో వారంలో పూత నుంచి ఊడలు నేలలోకి దిగాలి. నేల గట్టిగా ఉంటే ఊడ లోపలికి దిగదు, గాలిలోనే ఎండిపోతుంది. ఊడ దిగకపోతే కాయ లేదు.

ఉత్తర, పదకొండో రోజు

ఏఈ హిమజ గారికి నిన్ననే చెప్పాను. ఈ రోజు పది గంటలకు మోపెడ్ మీద వచ్చారు. ఆమె కింద ఇలాంటి కాలువలు తొమ్మిది ఉన్నాయి. మొహానికి గుడ్డ విప్పి మొదట నీళ్ళు అడిగారు. తాగాక పలక చూశారు.

“తూము బాగానే ఉందండీ. మూయమంటే మూసింది.”

“మూయమని ఎవరూ చెప్పలేదు మేడమ్. ఖాళీగా పంపినాం.”

“అయిదో వెర్షన్లో ఖాళీ అంటే వద్దని అర్థం. కిందటేడు ఇంకో కాలువలో ఆర్డరు అందక తూము తెరుచుకునే ఉండిపోయి రెండు ఊళ్ళు మునిగాయి. అప్పట్నుంచి ఆర్డరు లేకపోతే మూసెయ్యాలని పెట్టారు. అది తప్పంటారా?”

తప్పనలేదు.

“మరి పాత తూములన్నీ తనే అర్థం చేసుకుంటుందని రాసినారు గదా.”

“పాత ఆర్డర్లన్నీ తీసుకుంటుంది. ఖాళీ గడి ఆర్డరు కాదు కదా ఓబులేసు గారూ. అందుకే జాబితాలో లేదు.”

“ఆ జాబితా ఎవరు రాసినారు?”

ఆమె పలక నాకు తిరిగి ఇచ్చారు. “మూడేళ్ళ కిందట కాపరులందర్నీ అడిగి రాశారు. మీ కాలువ తరఫున మీ పేరే ఉంది.”

జ్ఞాపకం వచ్చింది. కేంద్రం నుంచి ఇద్దరు వచ్చి కుర్చీలు వేసుకుని కూర్చుని, రోజూ ఏమేం ఆర్డర్లు వాడతారో చెప్పమన్నారు. వాడేవన్నీ చెప్పాను. ఖాళీ గడి వాడేదని నాకు తోచలేదు. అది ఏమీ రాయకపోవడమే కదా.

వెళ్ళేముందు ఆమె ఇంకో సంగతి చెప్పారు. వరసగా మూడు వంతులు వద్దన్న చేను బీడు జాబితాలో పడుతుంది. బీడైన చేనుకు వంతు ఉండదు, తూము ఊడదీసి వేరే చోటికి ఇస్తారు. బోర్లు ఎండి చాలా ఏళ్ళయింది. వంతు పోతే ఆ మూడు ఎకరాలు మేకలు తిరిగే నేల.

“రెండయ్యాయి. మూడోది హస్త ఒకటిన. ఈలోగా ఆ గడిలో ఏదో ఒకటి రాయించండి. నేను చెయ్యగలిగింది లేదండీ, నిజంగా.”

ఉత్తర, పన్నెండో రోజు

ఖాజామియా ఇంటికి వెళ్ళాను. ఆయన మంచం నవారు బిగిస్తున్నాడు.

“నువ్వు సెప్పేది అర్థమైందిలేప్పా. రాయను.”

“చేను ఎండతాంది ఖాజన్నా.”

“నేను రాస్తే నేను నిర్ణయించినట్టు. రేపు ఇంగొకాయప్ప సచ్చినప్పుడు వాళ్ళ గడిలో ఇంత రాయి, అంత రాయి అని నా వాకిలి ముందర నిలబడతారు. మా నాయన యాబై ఏండ్లు రాసినాడు, ఒగ గొడవ రాల్యా. యాలంటే రాయనిది రాయల్యా కాబట్టి.”

“మూడో వంతు పోతే బీడంట.”

నవారు లాగడం ఆపాడు. “సరే, నేను రాసినానే అనుకో. వేలెవరిది పెడతావు?”

తూము చౌడప్ప పేరున ఉంది. పేరు మారాలంటే నలభై రోజులు. బీడు జాబితాలో పడిన తూముకు పేరు మార్చరు.

అయినా సుంకులమ్మ దగ్గరికి వెళ్ళాను. పేరు మార్పు కాగితం ఇప్పుడే పెట్టి చూద్దామని. వాకిట్లో మేకపిల్లకు గంజి తాపుతోంది. నన్ను చూసి లేవలేదు.

“కాలవాయప్ప సావింటికొచ్చినాడంటే ఏందో ఉంటాది. కూకో.”

కూర్చున్నాను. నీళ్ళ మాట ఎత్తకూడదు. వేరే ఏ మాటా రాలేదు.

“సెప్పు. నేను అడగగూడదు, నువ్వు సెప్పగూడదు. ఇద్దరం ఊరికే కూకుంటే మేకపిల్ల నవ్వుతాది.”

చెప్పాను. రెండు వంతులు పారలేదని, మూడోది కూడా పారకపోతే ఏమవుతుందో, ఎందుకు పారలేదో, నేను సంతకం పెట్టిన కాగితం సంగతి కూడా. ఆమె గంజి గిన్నె వంచి అడుగున ఉన్నది కూడా తాపింది.

“ఆయన వేలు గావాల్నంటావు.”

“కేంద్రం అడుగుతాది.”

“ఆ వేలు మన్నులో పెట్టి పదకొండు దినాలాయ. తవ్వుకోమను.”

గిన్నె కింద పెట్టి అడిగింది. “ఊడలు దిగినాయా?”

“ఇంగా లేదు.”

“నేల?”

“గట్టిగా ఉండాది.”

నేను లేచేటప్పుడు, “వచ్చినందుకు తిట్టనులే పో. తెలీకుండా కూకునేదానికంటే నయం” అంది.

ఉత్తర, పదమూడో రోజు

రెండు పాత పుస్తకాలూ, కేంద్రం నిబంధనల కాగితాలూ తీసి చదివాను. తూముకు చేత్తో తిప్పే పిడి ఉంటుంది, కానీ దానికి తాళం. తూము పనిచేస్తున్నంత కాలం ఆ తాళం చెవి కేంద్రం ఇవ్వదు. పగలగొడితే దొంగనీళ్ళ కింద లెక్క, అది చౌడప్ప పేరునే పడుతుంది. తాళం చెవి ఇచ్చేది ఒక్క సందర్భంలో. ఈ రకం తూము కొత్త వెర్షన్‌తో కుదరదని కాపరి, వంతు కాగితం రాసే పెద్ద ఇద్దరూ రాసిస్తే ఇస్తారు. అప్పుడు పాత సంతకం రద్దవుతుంది. ఆ తూములను కేంద్రం తన లెక్కలోంచి తీసేస్తుంది. అవి తెరిచాయా మూశాయా అని అడగదు. వంతు కాగితానికి వేళ్ళు కూడా అడగదు. కొత్త తూములు వచ్చేదాకా చేత్తో నడుపుకోవాలి.

రాసిచ్చేది ఒక తూముకు కాదు, ఆ రకానికంతటికీ. నావి పదహారూ ఒకటే రకం.

హిమజ గారికి ఫోన్ చేశాను.

“ఆలోచించే అడుగుతున్నారా?” అన్నారు. “కొత్త తూముల వరసలో మీది నాలుగు వందల పద్దెనిమిదో నంబరు పడుతుంది. నేను ఈ ఉద్యోగంలో ఉండగా రావు. మీకు ఎన్నేళ్ళండీ?”

“యాభై ఎనిమిది.”

“ఒక్కో తూము పూర్తిగా తెరవాలంటే నూట నలభై తిప్పులు.”

“తెలుసు మేడమ్. అప్పట్లో తిప్పినవాణ్ణే.”

“మీ పేరు మీద ఒక తప్పుడు ధ్రువీకరణ పడుతుంది. అది నేను తీసెయ్యలేను.”

“తప్పుడుదే గదా మేడమ్. సరిపోయాయని రాసినాను. సరిపోలేదు.”

సాయంత్రం ఖాజామియా వచ్చాడు. కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. “నా గడి ఖాళీగా ఉండాల్నంటే ఇదొగటే దావంటావు” అన్నాడు. నేను ఔనన్నాను. పలక మీద బొటనవేలు పెట్టి, అంగీకి తుడుచుకుని వెళ్ళాడు.

ఉత్తర, పద్నాలుగో రోజు

తాళం చెవి వచ్చింది. పదహారు తూములూ పలకలోంచి మాయమయ్యాయి. వాటి చోట ఏమీ లేదు.

సంగతి తెలిసి రంగప్ప వచ్చాడు. ఈసారి చేతిలో కాకరకాయలు లేవు.

“ఒగ సేను కోసరం పదారు తూములా అన్నా?”

“ఔను.”

“నువ్వొగడివి తిప్పుకుంటా వచ్చేలోపల నా దాంట్లోకి నీళ్ళొచ్చేసరికి ఎండ నడినెత్తికొస్తాది. సగం ఆవిరే. యాభై ఏడు దాకా ఎప్పుడు పోతావు? నన్ను ఒగ మాట అడగల్యా.”

“అడిగుంటే ఏమంటావు?”

“వద్దంటా. అందుకే అడగల్యా నువ్వు.”

అది నిజం. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. రెండు వంతులు పొరుగు చేని నీళ్ళు నీకు వచ్చాయి కదా అనవచ్చు. ఆయనకు తెలిసి వచ్చినవి కావు. అనలేదు.

హస్త కార్తె, ఒకటో రోజు

వంతు రోజు. తెల్లారగానే నలభై రెండు దగ్గర మొదలుపెట్టాను. పిడి తుప్పు పట్టి మొదటి ముప్పై తిప్పులు రెండు చేతులా తిప్పాల్సి వచ్చింది. నలభై అయిదు దగ్గర అరచేయి బొబ్బ లేచింది. గుడ్డ చుట్టుకున్నాను.

యాభై ఒకటి చేరేసరికి పదిన్నర. ఖాజామియా కాగితంలో గడి ఖాళీగా ఉంది. పుబ్బ పదకొండు నాటి వంతు కాగితం తీసి చూశాను. చౌడప్ప ఆ రోజు సగం అడిగాడు, రెండు గంటలు. డెబ్బై తిప్పులు తిప్పాను. నీళ్ళు మొదటి నెర్రెల్లోకి దిగిపోయాయి, అర్ధగంట దాకా సాలులో ముందుకు రాలేదు. తరవాత వచ్చాయి. రెండు గంటలు కాగానే మూయాలి. మూశాను. కింది సగం చేను తడిసింది. గట్టు వైపు పై సగం తడవలేదు. ఇంకో గంట వదిలితే తడిసేది. కాగితంలో లేనిది నేను వదలలేను. వదిలితే ఖాజామియా అన్నదే నిజమవుతుంది.

యాభై ఏడు మూసేసరికి పొద్దు వాలింది.

హస్త, ఏడో రోజు

వంతు రోజు. సుంకులమ్మకు మూడు వంతులూ అయిపోయాయి, కాబట్టి తనే వచ్చింది. ఖాజామియా ముందు కూర్చుని గడిలో రాయించుకుంది. పూర్తిగా, రెండున్నర గంటలు. ఖాజామియా పేరు దగ్గర ఆగాడు. “సుంకులమ్మ అని రాయి. మల్ల మల్ల దిద్దకుండా ఒగేసారి” అంది.

తూము దగ్గర నేను తిప్పుతుంటే చూస్తూ నిలబడింది. అరవై దగ్గర నన్ను జరగమని పిడి తను పట్టుకుంది. మిగతా ఎనభై తనే తిప్పింది.

చిత్త కార్తె, అయిదో రోజు

పైరు లెక్క. హిమజ గారు, కేంద్రం నుంచి ఇంకొకాయన వచ్చారు. కేంద్రం లెక్కలోంచి తూములు పోయినా పైరు లెక్క మాత్రం పోలేదు. సగం చేను పైరు నిలబడి ఉంటే వంతు నిలుస్తుంది. తగ్గితే బీడు.

సుంకులమ్మ కింది సాలులో ఒక మొక్క పీకి చూపించింది. ఊడలు దిగాయి, లేత కాయలు ఏడో ఎనిమిదో ఉన్నాయి. కేంద్రం ఆయన నడుచుకుంటూ గట్టు వైపు వెళ్ళి అక్కడ ఇంకొకటి పీకాడు. ఊడలు నల్లగా, గాలిలో వేలాడుతున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎక్కడిదాకా దిగాయో ఒక్కో సాలులో పీకుతూ కిందికి వచ్చాడు. మేమంతా వెనక నడిచాము. నలభై ఆరు సాళ్ళలో, గట్టు వైపు నుంచి ఇరవై నాలుగో సాలు దగ్గర కాయ కనిపించింది. అక్కడి నుంచి కిందికి ఉంది, ఇరవై మూడు సాళ్ళు.

ఆయన పలకలో ఏదో కొట్టి, “పైరు ఉంది” అన్నాడు. హిమజ గారు పేరు అడిగారు. సుంకులమ్మ చెప్పి, వేలు పెట్టింది.

“మిగతా సగం?” అని ఆయన అడిగాడు, లెక్క కోసం.

“మేకలకు” అంది.

వంతు రోజు కూడా ఈ రోజే. ఈ లెక్క వల్ల ఆలస్యమయింది. పీకిన మొక్కలు ఆమె ఒడిలో వేసుకుంది. నేను అరచేతికి గుడ్డ చుట్టుకుని యాభై రెండుకు వెళ్ళాను. రంగప్ప గట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు, అలాగని తిట్టనూ లేదు. ఎప్పటిలాగే సగం అడిగాడు: తెరవడానికి డెబ్బై, మూయడానికి డెబ్బై, నూట నలభై తిప్పులు.